మూడు వందల గుంజీల తరువాత

ఆ మంగళవారం పొద్దున రూప మేడమెట్లు సగం దిగి, గోడ పట్టుకుని అక్కడే కూర్చుండిపోయింది. "వదినా, కాళ్ళు నా మాట ఇనడం లేదు" అంది. నేను నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

రూప నా భర్త మురళికి చెల్లెలు. ఇరవై నాలుగేళ్ళు. వాళ్ళమ్మ, అంటే మా అత్త, ఊత్తంగరై దగ్గర పల్లెలో సేద్యం చేస్తుంది. రూప హోసూరులో ఫ్యాక్టరీ పనికి వెళ్తూ మాతోనే ఉండేది. నేను మూకండపల్లిలో ఫ్యాక్టరీ ఆడవాళ్ళకు డాన్స్ క్లాసు నడుపుతాను. కోలాటం, పాటలకు స్టెప్పులు, కొంచెం ఎక్సర్‌సైజు. క్లాసుకు జనం పెరిగారు. నలుగురిని టీచర్లుగా తయారుచేసి నాలుగు చోట్ల క్లాసులు పెట్టిద్దామనుకున్నాను. ఆ నలుగురిలో రూప ఒకతె.

అంతకుముందు ఆదివారం వాళ్ళకు పరీక్ష పెట్టాను. ఎండాకాలం, రేకుల షెడ్డు. రెండు గంటలు డాన్స్ అయ్యాక, పాట ఆపకుండా మూడు వందల గుంజీలు తీయమన్నాను. "తనకే దమ్ము లేకుంటే ఇంకొకరికి ఏం నేర్పిస్తుంది?" అన్నాను. నాకు నేర్పిన మాస్టర్ నాతో అలాగే తీయించాడు. నాకు తెలిసిన శిక్షణ అదే. రూపకు జ్వరం వచ్చి తగ్గి వారం కూడా కాలేదు, అదీ నాకు తెలుసు. మిగతా ముగ్గురూ నూటికీ నూట యాభైకీ ఆగిపోయారు. రూప మూడు వందలూ తీసింది. నేను చప్పట్లు కొట్టాను.

సోమవారం తొడలు పట్టేశాయంటే పెయిన్ కిల్లర్ నేనే ఇచ్చాను, పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. మంగళవారం మెట్ల మీద కూర్చుండిపోయిన సంగతి విని మధ్యాహ్నానికి అత్త వచ్చింది. "నాలుగు దినాలు నా దగ్గర పడుకుంటే సరిపోతుంది" అని తీసుకుపోయింది. మిగిలిన మాత్రలు కూడా నేనే రూప సంచిలో పెట్టి పంపాను.

గురువారం పొద్దున అత్త ఫోన్ చేసింది. "సుజాతా, పిల్ల ఒంటికి పోతే కాఫీ డికాక్షన్ మాదిరి వస్తా ఉంది. నిన్నట్నించీ అట్లేనంట. సిగ్గుపడి నాకు ఇప్పుడు చెప్తా ఉంది."

అత్త రూపను కారులో కృష్ణగిరిలో ఒక ఆస్పత్రికి తీసుకొచ్చింది. మేమిద్దరం హోసూరు నుంచి అక్కడికే వెళ్ళాం. డ్యూటీ డాక్టర్ ఒకావిడ. తమిళంలో మొదలుపెట్టి, మా మాట విని తెలుగులోకి మారింది. "ఏమన్నా దెబ్బ తగిలిందా? బరువు పని ఏమన్నా చేసిందా?" అని నన్ను అడిగింది. పక్కనే అత్త నిలబడి ఉంది.

"ఏమీ లేదు మేడం. మామూలుగా డాన్స్ చేసింది, అంతే" అన్నాను.

మంచం మీద నుంచి రూప నన్ను చూసింది. కళ్ళు మూసుకుంది. యూరిన్ ఇన్ఫెక్షన్ కావచ్చు, టెస్టులు చూద్దాం అంది డాక్టర్.

రెండు గంటల తరువాత ఆవిడ రిపోర్టులు పట్టుకుని, మేము కూర్చున్న వరండాలోకి పరుగులాంటి నడకతో వచ్చింది. "క్రియాటినిన్ నాలుగు దాటింది. కిడ్నీలు దెబ్బ తింటా ఉండాయి. యూరిన్ స్ట్రిప్‌లో రక్తం ఉన్నట్టు చూపిస్తుంది, మైక్రోస్కోప్‌లో చూస్తే రక్తకణాలు లేవు. ఇది ఇన్ఫెక్షన్ కాదు." అత్త వైపు తిరిగింది. "పాము ఏమన్నా కరిచిందా అమ్మా?"

"లేదమ్మా. ఇల్లు వదిలి యాడికీ పోలేదు."

"ఇంట్లో మందు ఉందా? తోటకు కొట్టేది?"

"ఉంది. టమాటాకు కొట్టేది" అంది అత్త, ఎందుకు అడుగుతోందో తెలియక.

"పిల్ల ఏమన్నా తాగిందా? ఇంట్లో గొడవ ఏమన్నా జరిగిందా? నిజం చెప్పమ్మా. ఇట్లాంటి కేసయితే మేము పోలీసులకు చెప్పల్ల."

అత్త ముఖం తెల్లబడింది. "నా బిడ్డ మందు తాగుతుందా? నా కండ్ల ముందరే పడుకోని ఉంది కదమ్మా! యాడ తాగింది? ఎప్పుడు తాగింది?" అని మురళి చెయ్యి పట్టుకుంది. మురళి నా వైపు చూశాడు. ఆదివారం షెడ్డులో ఏం జరిగిందో అతనికీ తెలియదు.

"మేడం, నేను చేయించినాను" అన్నాను. "గుంజీలు. మూడు వందలు. ఆపకుండా."

"ఎన్ని?"

"మూడు వందలు. ఆదివారానికి జ్వరం తగ్గి ఆరు దినాలే అయింది. నొప్పికి మాత్రలు కూడా నేనే ఇచ్చినాను."

డాక్టర్ నా వైపు తిరిగింది. "ఈ మాట పొద్దునే..." అని, ఆపేసి, నర్సును పిలిచింది. "సీపీకే టెస్టుకు రక్తం పంపించు. ఈసీజీ తీ. పొటాషియం మళ్ళీ చూడు, బిన్నె కానీ, టైం లేదు!"

అత్త నన్ను తిట్టలేదు. "డాక్టరమ్మ నా మీద నింద వేస్తా ఉంటే చూస్తా నిలబడినావే" అంది. ఆ తరువాత పదకొండు రోజులు నాతో మాట్లాడలేదు.

జబ్బు పేరు రాబ్డోమయోలసిస్ అన్నారు. అలవాటు లేని కండను ఒక్కసారిగా అరగదీస్తే అది కరిగి, లోపలి పదార్థం రక్తంలో కలిసి కిడ్నీలను మూసేస్తుందట. ఎండ, నీళ్ళు తాగకపోవడం, అప్పుడే తగ్గిన జ్వరం, నేనిచ్చిన మాత్రలు అన్నీ దానికి తోడయ్యాయి. కండ ఎంత దెబ్బతిందో చెప్పే సీపీకే వందల్లో ఉండాల్సింది అరవై వేలు దాటింది. పొటాషియం పెరిగితే గుండె ఆగిపోవచ్చని చెప్పి ఆ సాయంత్రమే డయాలసిస్ పెట్టారు. మురళి అంగీకార పత్రం మీద సంతకం చేశాడు.

డయాలసిస్ మొత్తం మూడుసార్లు చేశారు. గంట గంటకూ నర్సు యూరిన్ సంచి చూసి రాసుకునేది. ఆ అంకె ఎప్పుడు పెరుగుతుందా అని ఎదురుచూసేదాన్ని. నాలుగో రోజు అది పెరగడం మొదలైందని సంతోషించేలోపే కుడి పిక్క రాయిలా గట్టిపడింది. సర్జన్ వచ్చి నొక్కి చూశాడు. "లోపల ప్రెషర్ ఇంకా పెరిగితే కోసి తెరవాల్సి వస్తుంది. వేళ్ళు కదలకపోయినా, మొద్దుబారినా వెంటనే పిలవండి" అన్నాడు.

ఆ రోజంతా రూప పాదం దగ్గరే కూర్చున్నాను. "బొటనవేలు కదుపు" అంటే కదిపేది. "నేను ముట్టేది తెలుస్తా ఉందా?" అంటే, "తెలుస్తా ఉంది వదినా" అనేది. ఒకసారి జవాబు రావడం ఆలస్యమైంది. నర్సును పిలవడానికి లేచి, రూప ముఖం చూశాను. నిద్రపోతోంది, అంతే. మర్నాటికి వాపు తగ్గుముఖం పట్టింది. కోత తప్పింది.

కాస్త కోలుకున్నాక అడిగాను, "అంత నొప్పిగా ఉంటే ఎందుకు ఆపలేదు?" అని.

"నూట ఇరవై కాడనే తొడలు మండిపోయినాయి. కూర్చుంటే నువ్వు నన్ను టీచర్ల లిస్టులోనించి తీసేస్తావని భయపడినాను" అంది. అందులో కోపం లేదు. కోపగించుకుని ఉంటే నాకు తేలికయ్యేది.

పద్దెనిమిదో రోజు ఇంటికి పంపితే, అత్త రూపను తన ఊరికి తీసుకుపోయింది. క్లాసు మూసేస్తానని ఆస్పత్రి ఫిజియోథెరపిస్టుతో అన్నాను. ఆమె ఊరుకోలేదు. "మీరు మూస్తే ఆ ఆడవాళ్ళు ఇంకో మాస్టర్ దగ్గరికి పోతారు. ఆయన కూడా గుంజీలే తీయిస్తాడు. మూసేదానికన్నా నేర్చుకోండి" అంది. నాలుగు నెలలు వారానికోసారి ఆమె దగ్గరకు వెళ్ళాను. ఒళ్ళు వేడెక్కించడం, సిమెంటు నేల మీద ఎగరకుండా నేర్పడం, కొత్తవాళ్ళకు కొంచెం కొంచెంగా పెంచడం, నీళ్ళకు పాట ఆపడం. క్లాసుకు ముందు జ్వరం, బీపీ, నెలసరి, ఉపవాసం గురించి గుసగుసగా కాకుండా మామూలుగా అడగడం. పదిహేనేళ్ళు నేర్పించిన నాకు అప్పటిదాకా ఇవేవీ తెలియవు.

రూప కిడ్నీలు మామూలుకు వచ్చాయి. ఆరు నెలల తరువాత డాక్టర్ ఒప్పుకున్నాకే మళ్ళీ డాన్స్ అడుగు వేసింది. హోసూరుకు పంపేటప్పుడు అత్త నాతో, "నీ మొగం చూసి పంపడం లేదు. అదే పోతానంటా ఉంది" అంది. నాకు అది చాలనిపించింది.

ఇప్పుడు రూప, నేను కలిసి డాన్స్ టీచర్లకు శిక్షణ ఇస్తున్నాం. పోయిన నెల కృష్ణగిరి శిక్షణలో ఒక మాస్టర్ లేచి, "అడిగినప్పుడంతా కూర్చోనిస్తే క్లాసులో భయం ఉంటుందా అమ్మా?" అన్నాడు. నాకన్నా ముందే రూప అంది: "భయం శానా ఉంటే వాళ్ళు మీకు నొప్పి చెప్పరప్పా. దాచిపెడతారు." ఆయన నోటుబుక్కు తెరిచి రాసుకున్నాడు.

చదివేవాళ్ళకు ఒక్కటే చెబుతాను. గట్టిగా ఆడించిన మర్నాటికో, రెండు మూడు రోజులకో ఎవరికైనా కాళ్ళు వాచినా, యూరిన్ నల్లటి టీ రంగులో వచ్చినా, ఇంట్లో పెయిన్ కిల్లర్ ఇవ్వకండి. ఆ గంటలోనే ఆస్పత్రికి తీసుకెళ్ళండి. వాళ్ళతో ఏం చేయించారో, ఎన్నిసార్లు చేయించారో, డాక్టర్ అడిగేలోపే మీ నోటితో చెప్పండి.