కాటా ఎక్కించి నీళ్లు తాగించినవాడు

"ఉస్తాదు పోయినాడంట రా" అని మిల్లు గుమాస్తా గేటు దగ్గరే నిలబడి కేకేశాడు. నా వీపు మీద బస్తా ఉంది. దించుకునే దాకా కూడా ఆగలేదాయన. "తెల్లారి పోయినాడంట. షావుకారు గారు నెల్లూరు నించి పెద్ద దండ తెప్పిస్తాండారు. సాయంత్రం సమాధుల దొడ్డి కాడికి ముఠా మొత్తం రావాల. ఎవురు రాలేదో నేను చూసుకుంటా."

చావు కబురును కూడా బెదిరింపులా చెప్పే చోటు మా మిల్లు. విడవలూరు దాటి సముద్రం వైపు పోతే ఊక గుట్టలూ పొగగొట్టమూ కనిపిస్తాయే, అదే. బస్తా దించి గోడకి ఆనుకున్నాను. ఏడుపు రాలేదు. దండ సంగతి విన్నాక ఏడుపుకి చోటు మిగల్లేదు. ఆయన మాకు కుస్తీ నేర్పిన తాలింఖానా నించి ఆయన్ని గెంటించిన చెయ్యే ఇప్పుడు ఆయన మీద పూలు వేయబోతోంది. ఊళ్ళో ఆయన గురించి చెప్పుకోబోయే అబద్ధాలు గట్టిపడకముందే నాకు తెలిసింది రాసి పెడుతున్నాను. చదివి నచ్చకపోతే తిట్టుకోండి.

ముందుగా ఒకటి. ఆయన గొప్ప పహిల్వాన్ కాడు. ఏనుగులాంటి వాణ్ణి ఎవరినో ఎత్తి కొట్టాడని అప్పుడే మొదలుపెట్టారు జనం. ఎత్తలేదు, కొట్టలేదు. వయసులో ఉన్నప్పుడు పెద్ద పోటీలో ఓడిపోయి, నడుం పట్టుకుని ఇంటికొచ్చినవాడు. ఆ మాట ఆయనే మాకు చెప్పాడు. చెవులు రెండూ నలిగి ఎండిన పుట్టగొడుగుల్లా ఉండేవి. ఆదివారం ప్రార్థనకి తెల్లచొక్కా తొడుక్కుని పోతే పాస్టరుగారు, "నా ప్రసంగం ఆ చెవుల్లోకి ఎట్టా దూరతాదయ్యా" అనేవారట. "దూరేదాకానే కష్టమండీ. దూరినాక బయటికి పోయే దారి లేదు" అనేవాడట ఈయన.

ఆయన గొప్పతనం ఇంకోచోట ఉంది. ఎవడేం చెప్పినా "నిజమేనా, చూద్దాం" అనేవాడు. మా ప్రాంతంలో ఈ మాటకి ఉన్నంత మంది శత్రువులు తాగుబోతుకి కూడా ఉండరు.

తాలింఖానా మిల్లు వెనకే ఉండేది. తాటాకు కప్పు, దాని కింద నూనె, మజ్జిగ, పసుపు కలిపి మెత్తబరిచిన మట్టి గోదా. స్థలం షావుకారుది, పేరు షావుకారుది, ఒళ్ళు మాత్రం మాది. పగలు బస్తాలు మోసి, పొద్దు వాలాక దండీలు, బస్కీలు తీసేవాళ్ళం. అక్కడ ఒక కట్టుబాటు ఉండేది. గోదాలో దిగిన దగ్గర్నించి స్నానం అయ్యే దాకా నీళ్ళ చుక్క ముట్టకూడదు. "నీళ్ళు తాగితే దమ్ము పోతాది" అని తాతల నాటి మాట. నాలుక అంగిటికి అతుక్కుని పడిపోయినవాణ్ణి చూసి, "సాధన లేదు వీడికి" అని నవ్వేవాళ్ళు. సముద్రపు ఉక్కలో, చెమట కారీ కారీ లంగోటీ మీద ఉప్పు చారలు కట్టే మనుషులకి పెట్టిన కట్టుబాటు ఇది. పెట్టినవాడు ఎక్కడ కూర్చుని పెట్టాడో గానీ, నీడలోనే కూర్చుని ఉంటాడు.

ఉస్తాదు కూడా మొదట్లో ఆ కట్టుబాటు మనిషే. ఒకరోజు తనంతట తానే చెప్పాడు. "వయసులో ఉన్నప్పుడు కుస్తీకి ముందు ఒళ్ళు ఎండబెట్టేది గొప్పనుకున్యా. ఒకసారి కుస్తీ అయినాక మూత్రం ఎర్రంగా పడింది. అదీ మగతనమే అనుకున్యా. చూడండ్రా, నాకంటే ఎర్రోడు ఉంటాడా?"

ఆ తర్వాతే కాటా పిచ్చి పట్టింది ఆయనకి. సరుకు ఎత్తడం అయిపోయాక గుమాస్తాని బతిమాలి, బస్తాలు తూచే కాటా మీద మమ్మల్ని ఒక్కొక్కణ్ణే ఎక్కించేవాడు. గోదాలో దిగేముందు ఒకసారి, ఒళ్ళు తుడుచుకుని మళ్ళీ ఒకసారి.

"ఉస్తాదూ, నన్ను కూడా తూకమేసి లారీకి ఎక్కిస్తారా?" అన్నాడు మా ముఠాలో ఒకడు.

"నిన్నెవుడు కొంటాడ్రా? తవుడు."

దిగేటప్పటికి ప్రతివాడూ తగ్గేవాడు. "ఒక్క జాములో కొవ్వు కరగదు, కండ కరగదు. పోయింది నీళ్ళే. పోయినంత మళ్ళీ పొయ్యాల" అనేవాడు. ఊరికే అనలేదు. ఒక వారం మాలో సగం మందికి మధ్యమధ్యలో ఉప్పేసిన గంజి తాగించి, మిగతావాళ్ళని పాత పద్ధతిలోనే ఎండగట్టాడు. చివరి పట్టు దాకా ఎవడు నిలబడుతున్నాడో చూశాడు. గంజి తాగినవాళ్ళే నిలబడ్డారు. మేం ఎగిరాం. ఆయన ఎగరలేదు. "ఆగండి. ఈ సగం మందీ ముందునించీ గట్టోళ్ళేమో" అని, మరుసటి వారం తాగేవాళ్ళని ఎండబెట్టి, ఎండినవాళ్ళకి తాగించాడు. అప్పుడూ గంజే గెలిచింది. అప్పుడు గానీ గోదా పక్కన కుండ పెట్టలేదు.

పచ్చి గుడ్లు బలమని ఏళ్ళ తరబడి మా చేత మింగించింది కూడా ఆయనే. ఉడకబెట్టి తిన్నవాడు కూడా అంతే గుంజుతున్నాడని తేలాక, అందరి ముందూ, "ఇన్నాళ్ళూ మీ నోళ్ళు ఊరికే కంపు చేసినాను, క్షమించండ్రా" అన్నాడు. షావుకారు ఒక్క తప్పు ఒప్పుకోగా ఎవరైనా చూశారా? గుమాస్తా? పోనీ, మనలో ఎవరైనా?

ఇక మా అన్న సంగతి. ఇది చెప్పకుండా ఆయన గురించి చెప్పడం దొంగతనం.

కుస్తీ పోటీల్లో బరువుని బట్టి తరగతులు పెట్టే పద్ధతి అప్పుడప్పుడే మా వైపుకి వచ్చింది. నెల్లూరులో జరిగే పోటీకి రైల్వేవాళ్ళు వస్తారని, గెలిచినవాడికి ఉద్యోగం దొరుకుతుందని చెప్పుకున్నారు. మా అన్న తాలింఖానాలో అందరికంటే గట్టివాడు. వాడు ఆ ఉద్యోగాన్ని అప్పటికే కలలో కట్టుకుని తిరుగుతున్నాడు. బస్తా కింద నించి బయటపడే దారి మాకు ఇంకోటి లేదు. అయితే వాడి తరగతిలో పై ఊళ్ళ నించి ఒక పేరు మోసిన పహిల్వాన్ దిగుతున్నాడు. షావుకారు లెక్క చూసుకున్నాడు. కింది తరగతిలో పెడితే మిల్లు పేరు ఖాయంగా గెలుస్తుంది. అన్న ఒళ్ళు ఎండబెట్టి బరువు కిందికి దించాలి.

ఉస్తాదు ఒద్దన్నాడు. "అయ్యా, వీడు తన బరువులోనే ఓడిపోయినా పరవాలేదండీ" అన్నాడు. షావుకారు, "ఓడిపోయేదానికి నేనెందుకయ్యా మేపేది?" అన్నాడు. ఆ రోజు నించీ తాలింఖానా గడప తొక్కవద్దని ఉస్తాదుకి గుమాస్తా చేత చెప్పించాడు.

అన్నని బాయిలరు గదిలో కూర్చోబెట్టారు. ఉప్పుడు బియ్యం మిల్లుల్లో పని చేసినవాళ్ళకి ఆ గది ఎలా ఉంటుందో తెలుసు. ఊక మంట, ఆవిరి, పైన గొంగళి కప్పి, మంచినీళ్ళు బంద్. దాహమైతే పుక్కిలించి ఉమ్మడమే. ఊక తట్ట మోసుకుపోయినప్పుడల్లా, "చాలన్నా" అంటే, "పో రా, నువ్వు బస్తాలు మొయ్యి, నేను రైలెక్కతా" అని నవ్వేవాడు. పోటీ రేపనగా మధ్యాహ్నం నవ్వలేదు. నా పేరు అడిగాడు. తమ్ముడి పేరు! ఒళ్ళు ముట్టుకుంటే కాలుతోంది, పొడిగా ఉంది.

నేను ఉస్తాదు ఇంటికి పరిగెత్తాను. "చెమట పోస్తాండాదా?" అని అడిగాడు. లేదన్నాను. అంతే, చెప్పులు కూడా వేసుకోలేదు. గేటు దగ్గర గుమాస్తా అడ్డం వస్తే భుజంతో నెట్టేశాడు. జీవితంలో ఆయన గెలిచిన పట్టు అదొక్కటే అనుకుంటా. అన్నని ఈడ్చుకొచ్చి నీడలో పడుకోబెట్టి, ఒళ్ళంతా తడిగుడ్డలు కప్పించి, తెలివి వచ్చేదాకా ఆగి, ఉప్పు గంజి గుక్క గుక్కగా పోశాడు. కక్కాడు. మళ్ళీ పోశాడు.

షావుకారు వచ్చాడు. "ఎవురు రమ్మన్నారు నిన్ను?"

"చెమట ఆగిపోయిందయ్యా. ఇంకాసేపుంటే మనిషి ఉండడు."

"రేపు తూకం ఎవురిస్తారు, మీ అబ్బా?"

ఉస్తాదు ఆయన వైపు చూడను కూడా లేదు. "తాగు రా అబ్బయా. ఇంకొంచెం. ఇంకొంచెం" అంటూనే ఉన్నాడు.

మర్నాడు నెల్లూరులో అన్న బరువు ఎక్కువ తూగింది. పక్కకి తోసేశారు. తన తరగతికి ముందుగా పేరు ఇవ్వలేదు కాబట్టి అందులోనూ దిగనివ్వలేదు. ఊరికి తిరిగొచ్చి అన్న నేరుగా ఉస్తాదు ఇంటికి పోయాడు, వెనకాలే నేనూ పోయాను. చిన్నప్పటినించీ 'మీరు' అన్న నోటితో, "నువ్వు నా నోటికాడ కూడు తీసినావు" అన్నాడు.

"పిలిచింది నేనన్నా" అన్నాను.

"నువ్వు తమ్ముడివి, పిలుస్తావు. ఆయన ఉస్తాదు. పోటీ అంటే ఏందో ఎరిగినోడు. ఆయన తాగించకుండా ఉండాల్సింది."

ఉస్తాదు ఒక్క మాట కూడా అనలేదు. ఇదిగో, ఇక్కడే ఆయన మీద నాకు కోపం. ఇప్పటికీ ఉంది, చచ్చిపోయాడని తగ్గించను. "నీ ప్రాణం పోయేదిరా" అని గట్టిగా అరవొచ్చు కదా! అంతకుముందు కూడా, గడప తొక్కొద్దన్న రోజునే, అయ్యా అయ్యా అనకుండా ముఠానంతా పోగు చేయొచ్చు కదా! అరవలేదు. అన్నీ రుజువు చేసి చూపేవాడు, ఇది రుజువు చేయడానికి ఒక శవం కావాలని ఊరుకున్నాడేమో. అన్న ఆ రోజు నించీ ఆయనతో మాట్లాడలేదు. బస్తాల కిందే ఉన్నాడు, ఈ రోజుకీ.

తర్వాత ఆయన సరుగుడు తోపు పక్క ఇసకలోనే మాలో కొందరికి పట్లు నేర్పాడు. మట్టి లేదు, కప్పు లేదు. ఇసకలో తవ్విన దొరువు, అందులో ఊరే నీళ్ళు, ఒక కుండ, అంతే. కొన్నాళ్ళకి కాళ్ళు వాచాయి, తర్వాత మొహం. మూత్రపిండాలు చెడ్డాయని నెల్లూరు డాక్టరు చెప్పాడు. "వయసులో ఎండబెట్టుకున్నందుకేనా?" అని ఉస్తాదుని అడిగాను. "అయ్యుండొచ్చు, కాకపోవచ్చు. రుజువు లేంది చెప్పగూడదు" అన్నాడు. చావుని కూడా కాటా ఎక్కించందే నమ్మలేదు.

డాక్టరు నీళ్ళు తగ్గించమన్నాడు. ఊరంతటికీ నీళ్ళు పోసినవాడికి రోజుకి చిన్న గ్లాసెడు. చివరిసారి పోయినప్పుడు ఆయన భార్య నాకు చెంబుతో నీళ్ళిచ్చింది. ఆయన ముందు తాగలేక పక్కన పెట్టాను.

"తాగు రా. గుటకలు ఇనబడేట్టు తాగు. నాకు ఇనబడాల" అన్నాడు.

తాగాను. కళ్ళు మూసుకుని విన్నాడు. తర్వాత అడిగాడు. "మీ అన్న తాగతాండాడా, మోత మధ్యలో?"

"తాగతాండాడు. బస్తాల వార కుండ పెట్టుకున్నాడు. ఉప్పు కూడా వేస్తాడు. మీ పేరు మాత్రం ఎత్తడు."

"పేరు దేనికి రా, దప్పిక తీరాలంటే?" అని నవ్వాడు. వాచిన మొహంలో ఆ నవ్వు ఎక్కడో లోపల కదిలినట్టు కనిపించింది.

సాయంత్రం అందరం పోయాం. అన్న కూడా వచ్చాడు. గుమాస్తాకి భయపడి అనుకున్నాను. పాస్టరుగారి ప్రార్థన అయింది, మట్టి వేశాం, ఇసక దిబ్బ లేచింది. షావుకారు దండ వేసి, గొంతు సవరించుకుని, "నీళ్ళు కూడా ముట్టకుండా తపస్సు లాగా సాధన చేయించిన మహానుభావుడు" అన్నాడు. కాటా ఎక్కినవాళ్ళందరూ అక్కడే ఉన్నారు. గంజి తాగిన నోళ్ళన్నీ మూసుకునే ఉన్నాయి. నేను ముందుకి అడుగు వేశాను.

నాకంటే ముందు అన్న కదిలాడు. గుంపులోంచి బయటికి పోయి, పక్క సరుగుడు తోపు కాడి దొరువులో దిగి, అక్కడి కుండ ముంచుకుని వచ్చాడు. షావుకారు ఇంకా మాట్లాడుతున్నాడు.

"జరగండి, తడస్తారు" అన్నాడు అన్న.

కుండ వంచాడు. దిబ్బ తలవైపు నించి కాళ్ళవైపు దాకా పోశాడు. దండ మీద పడి పూలు చెదిరిపోయాయి. షావుకారు మాట మధ్యలో ఆపి, పంచె ఎత్తి పట్టుకుని వెనక్కి జరిగాడు. పోసినవి పోసినట్టే ఇసక తాగేసింది. నల్లబడ్డ చోటు చూస్తుండగానే మళ్ళీ తెల్లబడసాగింది. అన్న దాన్ని కాసేపు చూసి, ఖాళీ కుండ భుజాన పెట్టుకుని, మళ్ళీ దొరువు వైపు నడిచాడు.