నూట యాభై కీర్తనలు, ఒక్క సంతకం

దోహాలో నా ఆఖరి పోస్టింగ్ ఒక పెద్ద ఆస్పత్రిలో, పురుషుల సర్జికల్ వార్డుకు ఛార్జ్ నర్సుగా. ఇప్పుడు చెప్పబోయేది ప్రపంచ కప్ ఫుట్‌బాల్ పోటీలు ముగిసిన తర్వాత వచ్చిన ఫిబ్రవరి నాటి మాట. రిటైర్మెంటుకు నాకు ఇంకా ఏడాదిన్నర ఉంది. ఛార్జ్ నర్సు అంటే వార్డుకు అధికారి అనుకుంటారు. కాదు. వార్డు మొత్తానికి హెడ్ నర్సు ఉంటుంది. ఆమె కింద, పొద్దున ఏడు నుంచి సాయంత్రం ఏడు వరకు, ఆ పన్నెండు గంటల బరువు మోసే మనిషి ఛార్జ్ నర్సు. ఏ రోగికి ఏ స్టాఫ్ నర్సు, థియేటర్‌కు ఎవరిని ఎప్పుడు పంపాలి, డాక్టరుకు ఎప్పుడు కబురు చెయ్యాలి అన్నవి ఆమె పని. ఏది తప్పినా ముందుగా అడిగేది ఆమెనే.

నేను యూదురాలిని. తెలుగులో ఈ మాట చదివి ఆశ్చర్యపోయేవాళ్ళుంటారని తెలుసు. గుంటూరు జిల్లాలో శనివారం సబ్బాతు పాటించే తెలుగు యూదు కుటుంబాలు కొన్ని ఉన్నాయి. మా ఇల్లు అందులో ఒకటి. ఖతార్‌లో మాకు సమాజ మందిరం లేదు. ముఐథర్‌లో షిమోన్ గారని ఒక సివిల్ ఇంజినీరు విల్లాలో శుక్రవారం సాయంత్రం కలిసేవాళ్ళం. ఏడెనిమిది దేశాల వాళ్ళం, ఇంజినీర్లు, టీచర్లు, ఒకరిద్దరు బ్యాంకు ఉద్యోగులు, నేను. షిమోన్ గారే మాకు పెద్ద. వాట్సాప్ గ్రూపు ఒకటుండేది. ఎవరింట్లో పురుడైనా, ఎవరికి జబ్బు చేసినా, ఎవరు వంట చేసి పంపాలి, ఎవరు వెళ్ళి చూసి రావాలి అన్నది అందులోనే రాసుకునేవాళ్ళం. రోగిని చూడబోవడం మాకు మర్యాద కాదు, విధి. దానికి హీబ్రూలో వేరే పేరే ఉంది.

ఏలియా బాబాయి ఆ కూటంలో ఇంకో తెలుగువాడు. మా వైపు మనిషే, వరసకు బాబాయి. ముఐథర్‌లోనే ఒక ఖతారీ కుటుంబానికి హౌస్ డ్రైవర్. శుక్రవారం అందరికంటే ముందు వచ్చేది ఆయన. కుర్చీలు వేసేవాడు, సూర్యాస్తమయానికి ముందే వంటలన్నీ హాట్ ప్లేటు మీద సర్దేవాడు, ఎందుకంటే శుక్రవారం పొద్దు గూకడంతో మా విశ్రాంతి దినం సబ్బాతు మొదలవుతుంది, ఆ తర్వాత మేము నిప్పు ముట్టం. ప్రార్థన అయ్యాక కుర్చీలు తీసేది కూడా ఆయనే. అన్నేళ్ళలో ఆయన కుర్చీ వేస్తుంటే ఇంకొకరు లేచి సాయం పట్టగా నేను చూడలేదు. నేను పట్టానా అంటే, నేనూ పట్టలేదు.

ఆయనకు షుగరు. బుధవారం కుడి పాదం వాచి, రెండు వేళ్ళు నల్లబడి మా వార్డులోనే చేరాడు. గురువారం పొద్దున రౌండ్సులో కన్సల్టెంట్, ఆయన ఈజిప్టు డాక్టరు, చూసి వెంటనే చెప్పాడు. ఈ రెండు వేళ్ళు ఇవాళే తీసెయ్యాలి, ఆలస్యమైతే పాదం మీదకు వస్తుంది అన్నాడు. కుడి పాదం. యాక్సిలరేటరూ బ్రేకూ తొక్కే పాదం. రెండు వేళ్ళు పోయినా డ్రైవర్ ఉద్యోగం నిలుస్తుంది. పాదం పోతే నిలవదు. బాబాయికి ఇది నేను తెలుగులో రెండుసార్లు చెప్పాను.

ఆయన ఆపరేషన్‌కు ఒప్పుకున్నాడు. కానీ సంతకం పెట్టలేదు. కారణం ఇది. మా ఆచారంలో మనిషి ఒంట్లోంచి తీసేసిన భాగాన్ని పారేయరు, పూడ్చిపెడతారు. ఆస్పత్రి దానికి అడ్డు చెప్పదు. దానికో ఫారం ఉంది. రోగి తరపు మనిషి ఒకరు వచ్చి, గుర్తింపు కార్డు చూపించి, తీసిన భాగాన్ని తాను తీసుకుని పూడ్చిపెడతానని సంతకం చెయ్యాలి. ఆస్పత్రి ఉద్యోగులు ఆ సంతకం చెయ్యకూడదు, కాబట్టి నేను పనికిరాను. ఆ ఫారం లేకుండా ఫైలు థియేటర్‌కు వెళితే, తీసింది ఏదైనా నేరుగా వైద్య వ్యర్థాల డబ్బాలోకి పోతుంది. ముందు ఆపరేషన్ కానీ, తర్వాత చూద్దాం అన్నాను. "తర్వాతంటే చెత్తబుట్టేగా రూతమ్మా. మనోళ్ళు ఒకరొచ్చి ఆ కాగితం మీద పెట్టాక, నేను దీని మీద పెడతా" అన్నాడు. ఆయన కఫీల్, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న ఖతారీ యజమాని, కుటుంబంతో దేశం దాటి ఉన్నాడు. ఇక్కడే ఉన్నా అది ఆ యజమాని పని కాదు.

గురువారం మధ్యాహ్నం పన్నెండున్నరకు గ్రూపులో రాశాను. ఏలియా మా ఆస్పత్రిలో ఉన్నాడు, ఆపరేషన్ ఆగి ఉంది, మనలో ఒకరు కార్డు తీసుకుని వచ్చి ఒక కాగితం మీద సంతకం పెట్టాలి, ఇవాళే. ఇంతకంటే తేటగా ఎలా రాయాలో నాకు ఇప్పటికీ తెలియదు.

ముందు దణ్ణాల బొమ్మలు వచ్చాయి. తర్వాత సంపూర్ణ స్వస్థత కలగాలని దీవెనలు. ఆ తర్వాత ఒకావిడ అడిగింది, ఏలియా తల్లి పేరేమిటి అని. రోగి కోసం చేసే మా ప్రార్థనలో మనిషి పేరును తల్లి పేరుతో కలిపి పలుకుతారు, ఫలానా ఆమె కొడుకు ఫలానా అని. వెంటనే ఇంకొకరు అదే అడిగారు. నాకు విడిగా కూడా మెసేజీలు పెట్టారు. సాయంత్రంలోగా తొమ్మిది మంది తల్లి పేరు అడిగారు. మంచం నంబరు ఒక్కరూ అడగలేదు. ఫరీజ్ అబ్దుల్ అజీజ్‌లో ఉండే మా కూటం టీచరు ఒకరికి మా ఆస్పత్రి కారులో పది నిమిషాలు.

అంతటితో ఆగలేదు. ఎవరో నూట యాభై కీర్తనలనూ పంచుకుని చదువుదాం అన్నారు. మాలో ఇదీ ఆచారమే. ఒకటి నుంచి ఇరవై నాకు, ఇరవై ఒకటి నుంచి నలభై నాకు అని పోటీ పడి రాసుకున్నారు. అరగంటలో నూట యాభై కీర్తనలకూ మనుషులు దొరికారు. ఆ ఒక్క సంతకానికి దొరకలేదు. ప్రతివాళ్ళూ వేరేవాళ్ళు వెళ్ళే ఉంటారనుకున్నారు. ఎలాగూ అక్కడ రూతు ఉందిగా అనుకున్నారు.

నేనేం చేశాను? తల్లి పేరు రాసి పంపాను. కోటమ్మ. పంపి డ్యూటీలో పడ్డాను.

పక్క మంచం మీద సాయన్న అని జగిత్యాల వైపు మనిషి, సైటులో మూడో అంతస్తు నుంచి పడి తుంటి విరిగినవాడు. ఆయన్ని చూడ్డానికి కూలీల క్యాంప్ నుంచి రోజూ ఐదారుగురు వచ్చేవాళ్ళు. కంపెనీ బస్సు దింపిన చోట నుంచి నడిచి, దుమ్ము బట్టలతోనే వచ్చి, మంచం చుట్టూ కూర్చునేవాళ్ళు. వాళ్ళకు చూడబోవడానికి గ్రూపూ లేదు, జాబితా లేదు. గురువారం సాయంత్రం సాయన్న నన్ను పిలిచి, "సిస్టరమ్మా, గా కాగితం మీద మావోడు పెడ్తడు. కార్డు కీసలనే ఉన్నది. పాపం, పెద్దమనిషి పొద్దటి సంది తలుపు దిక్కే చూస్తుండు" అన్నాడు. బాబాయి వినిపించుకుని నవ్వాడు. "ఎందుకయ్యా, మనోళ్ళున్నారుగా. పన్లల్లో ఉంటారు. వస్తార్లే" అన్నాడు.

శుక్రవారం ఇక్కడ సెలవు. అందరూ ఇళ్ళలోనే ఉన్నారు. సందర్శకుల పుస్తకంలో ఆయన పేరుకు ఎదురుగా ఒక్క గీత పడలేదు. సబ్బాతు ముందు పూట మా ఇళ్ళలో ఎంత హడావుడో నాకు తెలుసు, రొట్టెలు, వంటలు, అతిథులు. అందులో నుంచి ఒక గంట తియ్యలేనంత హడావుడి మాత్రం కాదు. గురువారమే డాక్టరు పాదం మీద ఎరుపు ఎంతవరకు పాకిందో పెన్నుతో గీత గీసి ఉంచాడు. ఎరుపు ఆ గీత దాటితే వెంటనే చెప్పమన్నాడు. శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి దాటింది, చెప్పాను. జ్వరం ముప్పై తొమ్మిది. రోగి అనుమతి లేకుండా థియేటర్‌కు తీసుకుపోలేం, చికిత్స నిరాకరించినట్టు వేరే ఫారం మీద ఇద్దరు సాక్షులతో రాసుకోవడం తప్ప. ఆ ఫారం మీద సాక్షుల్లో ఒక సంతకం నాది. నా సర్వీసులో నేను పెట్టిన అతి చెడ్డ సంతకం అది.

ఐదింటికి హెడ్ నర్సుతో మాట్లాడి, నా ఛార్జీ ఇంకొకరికి అప్పగించి, యూనిఫాంతోనే ముఐథర్ వెళ్ళాను. అప్పటికే సూర్యుడు దిగాడు. దీపాలు వెలిగించారు, ఫోన్లు ఆపేశారు. పన్నెండు మంది బల్ల చుట్టూ ఉన్నారు. కుర్చీలు ఎవరు వేశారో గానీ వంకరటింకరగా ఉన్నాయి. నన్ను చూసి ఒకాయన సంతోషంగా, ఏలియా కోసం కీర్తనలన్నీ పూర్తి చేశాం అన్నాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అప్పుడు నేనన్న మాటలన్నీ ఇక్కడ రాయను. ఇంగ్లీషు చాలక మధ్యలో తెలుగులోకి వెళ్ళిపోయాను కూడా. పదేళ్ళుగా మీ కుర్చీలు మోసిన మనిషి కాలు కుళ్ళిపోతుంటే మీరు ఆయన తల్లి పేరు అడుగుతున్నారా అన్నాను. ఆయన ఇంజినీరైతే ఇలాగే చేసేవాళ్ళా అని కూడా అడిగాను.  ఒకరు మెల్లగా, సబ్బాతు నాడు రాయకూడదు కదా, రేపు ఆకాశంలో మూడు నక్షత్రాలు కనబడగానే వచ్చి పెడతాం అన్నారు. సబ్బాతు ముగిసిందనడానికి మాకు అదే గుర్తు. మీ మూడు నక్షత్రాలూ వచ్చేసరికి ఆయనకు పాదం ఉండదు అన్నాను.

షిమోన్ గారు ఇది ప్రాణాపాయమా అని నన్ను అడిగారు. ప్రాణాపాయం ఉంటే సబ్బాతు నియమాలు పక్కకు తప్పుకుంటాయని ఆ గదిలో అందరికీ తెలుసు. నాకు మా ఊళ్ళో తెలియని ఎన్నో సూక్ష్మాలు నేర్పింది వాళ్ళే. నేను ధర్మశాస్త్రం చదవలేదండీ, జ్వరం ఎంతుందో, ఎరుపు ఎక్కడిదాకా వచ్చిందో చెప్పగలను అన్నాను, చెప్పాను. ఆయన వెంటనే లేచారు. సొరుగులోంచి కార్డు తీసుకుని వచ్చి నా కారులో కూర్చున్నారు. 

ఏడు దాటేసరికి రెండు కాగితాల మీదా సంతకాలు పడ్డాయి. షిమోన్ గారిని చూడగానే బాబాయి, శ్రమపడి వచ్చారా సార్ అని మంచం మీద లేవబోయాడు. నేను తల తిప్పుకున్నాను. ఎనిమిదింటికి థియేటర్‌కు తీసుకెళ్ళారు. రెండు వేళ్ళతో పోలేదు. పాదం ముందు సగం తీసేశారు. ఆదివారం షిమోన్ గారు, ఇంకో ముగ్గురు వచ్చి దాన్ని తీసుకుని, ముస్లిమేతరుల శ్మశానంలో శాస్త్రప్రకారం పూడ్చిపెట్టారు. ఆ రోజు మాత్రం నలుగురు దొరికారు.

మంగళవారం కట్టు మారుస్తూ బాబాయి ముందు వాళ్ళను తిట్టిపోశాను. ఆయన అంతా విని అన్న మాట ఇది.

"వాళ్ళననకు రూతమ్మా. నువ్వూ రాలేదుగా."

నేను రోజూ ఇక్కడే ఉన్నాను కదా అన్నాను.

"డ్యూటీకొచ్చావు. ఎప్పుడొచ్చినా నిలబడే ఉన్నావు. ఒక్కసారన్నా కూర్చున్నావా?"

గుర్తు చేసుకున్నాను. గురువారం ఆయన దగ్గరికి పదిసార్లు వెళ్ళి ఉంటాను, షుగరు చూడ్డానికి, సెలైను మార్చడానికి, సంతకం అడగడానికి. కుర్చీ లాక్కుని కూర్చుని, భయంగా ఉందా బాబాయ్ అని అడగలేదు. అడిగి ఉంటే, ఆ సాయంత్రమే సాయన్న వాళ్ళ మనిషి చేత ఆ కాగితం మీద సంతకం పెట్టించుకోవడానికి ఒప్పించేదాన్నేమో. ఆయన మాటకు నాకు కోపమే వచ్చింది, ముందు ఆయన మీద, తర్వాత నా మీద. ఇన్నేళ్ళయినా రెండోది చల్లారలేదు.

ఏలియా బాబాయి రెండు నెలలకు వీసా రద్దు చేసుకుని గుంటూరు వెళ్ళిపోయాడు. బండి నడపలేడు. మా గ్రూపులో క్షమాపణలు చాలా పొడుగ్గా వచ్చాయి. నేను ఒక్కదానికీ జవాబు ఇవ్వలేదు. షిమోన్ గారు మాత్రం క్షమాపణ రాయలేదు, నియమం రాశారు. ఎవరైనా ఆస్పత్రిలో చేరితే, ఏ రోజు ఏ గంటకు ఎవరు వెళతారో మనిషి పేరుతో రాసేదాకా ఆ గ్రూపులో ప్రార్థనల మాట ఎత్తకూడదని. అది ఇప్పటికీ నడుస్తోందని విన్నాను.

నేను నేర్చుకున్నది వేరు. రోగికి చికిత్స చెయ్యడం ఒక పని. రోగిని చూడబోవడం ఇంకో పని. రెండూ ఒకే మనిషి ఒకే షిఫ్టులో చెయ్యడం కుదరదు. చేస్తున్నాననుకుంటే రెండోది జరగదు. జరగలేదని చార్టులో ఎక్కడా కనబడదు. ఆ తర్వాత రిటైరయ్యేదాకా మావాళ్ళు ఎవరు చేరినా, డ్యూటీ దిగి, యూనిఫాం మార్చుకుని, కింద సందర్శకుల పుస్తకంలో నా పేరు రాసి పైకి వెళ్ళాను. లోపలికి వెళ్ళగానే ముందు కుర్చీ లాక్కున్నాను. ఇది ఎవరైనా నేర్చుకోగలిగినదే. దీనికోసం ఒక డ్రైవర్ కుడి పాదం పోవాల్సిన పని లేదు.