బొట్టుకు చోటు లేని గుర్రం

సర్జాపుర రోడ్డు అపార్ట్‌మెంట్ లాబీలో మూలనున్న ఊగుడు గుర్రాన్ని రామాంజి రోజూ ఆఫీసుకు వెళుతూ మునివేళ్లతో ఒకసారి ఊపుతాడు. వయసులో ఉన్నప్పుడు తను డిజైన్ చేసిందే. తల, తోక తీసేసి చెక్కను ఒకే వంపుగా మలిచినందుకు అవార్డు వచ్చింది. పిల్లలు మాత్రం ఎక్కలేదు. తరువాత షాంపూ సీసాల మూతలకు డిజైన్లు గీసే పని దొరికింది. ఇప్పటికీ అవే గీస్తున్నాడు.

ఆయుధపూజ నాడు లాబీ తుడిచే సొన్నమ్మ పనిముట్లన్నిటికీ బొట్లు పెడుతూ దాని ముందు ఆగింది. "ఇదేంది సార్?" అని అటుగా వచ్చిన రామాంజిని అడిగింది. "గుర్రం." "తలకాయ యాడుండాది? బొట్టు యాడ పెట్టేది?" రామాంజి చూపించబోయి, చెయ్యి గాలిలోనే ఆపేశాడు. సొన్నమ్మ వేలికున్న కుంకుమను పక్కనున్న మాప్ కర్రకు పెట్టింది.