గ్రాఫిక్స్ కార్డులో కొబ్బరి పీచు

ఈ ఆదివారమైనా కాస్త నడుం వాలుద్దామనుకున్నాను. రామచంద్రపురంలో ఉద్యోగం, అమలాపురంలో కాపురం. వారమంతా బస్సులో ఊగి ఊగి ఆదివారానికి ఒళ్ళు హూనమైపోతుంది. వచ్చే బదిలీల్లో ఇటు వేసేస్తారని ఏటా ఇంట్లో చెబుతూనే ఉన్నాను, వాళ్ళు వింటూనే ఉన్నారు. సరిగ్గా కన్ను మూతపడే వేళకి వీధిలో పాత సామాన్ల బండి మైకు మొదలైంది. అటక మీద పడున్న కంప్యూటరు పెట్టె ఇచ్చేస్తే అక్కడ పాత పరుపైనా పెట్టుకోవచ్చని మా ఆయన పోరు. ఎలాగూ నిద్ర పాడైంది కదా అని దింపించాను. బండి అతను దాన్ని రెండు చేతులతో ఎత్తి, "బాగా బరువుందండీ, ఈ రోజుల్లో ఇంత రేకు వెయ్యట్లేదండి" అని మెచ్చుకుని, పక్క రేకు ఊడదీసి లోపలికి చూసి ఆగిపోయాడు. "ఇందులో కొబ్బరి పీచేంటండీ?" అన్నాడు. ఎలక గూడు పెట్టిందనుకున్నాడు పాపం. ఎలక కాదు, మా బాబాయి.

బాబాయి మా నాన్నకి తమ్ముడు. కొత్తపేట దగ్గర మా ఊళ్ళో రెండు కుటుంబాలదీ ఒకటే ఇల్లు. మొదట్లో కొబ్బరికాయల వ్యాపారం చేసేవాడు. అది కలిసిరాక గల్ఫు వెళ్ళి, అక్కడి ఎడారి రోడ్ల మీద పెద్ద పెద్ద లారీలు నడిపాడు. కొత్త శతాబ్దం వచ్చిన కొత్తలో, నేను అమలాపురంలో డిగ్రీ చదువుతున్నప్పుడు, ఆయనకి అక్కడే పక్షవాతం వచ్చింది. కంపెనీ వాళ్ళు లెక్క చూసి డబ్బు చేతిలో పెట్టి విమానం ఎక్కించేశారు. మాట సర్దుకుంది, కాలు సర్దుకుంది, ఎడమ చెయ్యి మాత్రం స్వాధీనంలోకి రాలేదు. అయినా ఆయన సెలవు మీద వచ్చిన మనిషిలాగే ఉండేవాడు. ఎవరు పలకరించినా, "ఆయ్, వీసా వచ్చేస్తుందండి, వచ్చే నెలలో వెళ్ళిపోవడమేనండి" అనేవాడు. సర్దిన సూట్‌కేసు మంచం కింద అలాగే ఉండేది, పిన్ని రోజూ దాని చుట్టూ ఊడ్చేది. వచ్చినవాళ్ళు ఆ చేతి వైపు ఓసారి చూసి, తలాడించి, కాఫీ తాగి వెళ్ళేవారు. వినీ వినీ మాకు విసుగొచ్చింది గానీ, రాదని చెప్పే ధైర్యం ఇంట్లో ఒక్కరికీ లేకపోయింది.

ఒకసారి గల్ఫులో తనతో గదిలో ఉన్నవాళ్ళతో కంప్యూటర్లో మాట్లాడించమంటే అమలాపురంలో నెట్ సెంటరుకి తీసుకెళ్ళాను. లైను కలవలేదు. పక్క సీట్లో ఎవరో లారీ ఆట ఆడుతున్నారు. సరుకు ఎక్కించుకుని ఓ ఊరి నుంచి ఇంకో ఊరికి చేర్చాలి, అంతే ఆట. బాబాయి కుర్చీ వెనక నిలబడి చాలాసేపు చూశాడు. "స్టీరింగేదమ్మా?" అన్నాడు. ఆడే మనిషి కుడి చేతి కింద బాణం గుర్తుల మీటలు చూపించాను. ఆయన వాటిని చూసి, తన కుడి చెయ్యి చూసుకున్నాడు. తిరుగు బస్సు దిగబోయే ముందు, "ఒంటి చేత్తో నడపొచ్చన్నమాట" అన్నాడు. నన్ను అడగలేదు, తనలో తను అనుకున్నట్టు అన్నాడు. ఇంటికి నడిచే దారిలోనే కంప్యూటరు కొందామని ఇద్దరం అనేసుకున్నాం.

ఇంట్లో నా చదువు కోసమని చెప్పాం. గల్ఫు వాళ్ళు చేతిలో పెట్టినదాంట్లోంచి ఇంత అని గీత గీసుకున్నాం. పేరున్న కంపెనీ చేసి అమ్మే కంప్యూటరు ఆ గీతకి చాలా అవతల ఉంది, విడి భాగాలు కొని బిగించుకోవాల్సిందే. రాజమండ్రిలో ఓ షాపుకి కాలికి బలపం కట్టుకున్నట్టు తిరిగాం. ఒకటి పెంచుకుంటే ఇంకొకటి కోసుకోవాలి. ప్రాసెసరు మంచిది కావాలంటే మానిటరు పాతది తీసుకోవాలి, ర్యామ్ పెంచితే హార్డ్ డిస్కు తగ్గాలి. నేను అక్కడా ఇక్కడా విని వచ్చిన పేర్లన్నీ వల్లిస్తుంటే, బాబాయి ప్రతి వస్తువునీ కుడి అరచేతిలో పెట్టుకుని బరువు చూసేవాడు. కాయ బరువుంటేనే లోపల సరుకున్నట్టు లెక్క ఆయనకి. మానిటరుని వేలితో కొట్టి, దానికి చెవి ఆనించి విన్నాడు. "అందులో నీళ్ళుండవండీ" అన్నాడు షాపతను. "తెలుసండి, అలవాటండి" అని బాబాయి బుద్ధిగా జవాబు చెప్పి మళ్ళీ కొట్టాడు. అలా ఆయన తూకానికి నిలిచి, షాపు మొత్తంలో అన్నిటికన్నా బరువైన క్యాబినెట్టూ, ఇద్దరు పట్టుకుంటే గానీ లేవని యూపీఎస్సూ మా పాలబడ్డాయి. యూపీఎస్ మానేద్దాం బాబాయ్, ఆ డబ్బుతో మంచి గ్రాఫిక్స్ కార్డొస్తుందని బతిమాలాను. "మనూరి కరెంటుకి అది లేకపోతే ఎలాగమ్మా? లారీ నడి రోడ్డు మీద ఆగిపోదూ?" అన్నాడు. గ్రాఫిక్స్ కార్డు లేకపోతే అసలు రోడ్డే కనపడదు, అన్నిటికన్నా ముందు కొనాల్సిన ఆ కార్డుకి చివరికి చిల్లర మిగిలింది.

షాపతనికి జాలేసిందో, మేం ఎప్పటికి రావడం మానేస్తామా అనిపించిందో గానీ, ఎవరో మార్చుకుని వదిలేసిన పాత కార్డొకటి లోపల్నుంచి తెచ్చిచ్చాడు. అరచెయ్యంత ఉంది, దాని మీద బుల్లి ఫ్యాను ఒకటి. అట్టపెట్టె లేదు, కవరూ లేదు. మా వైపు పగిలే వస్తువేదైనా కొబ్బరి పీచులో పెట్టందే ఊరు దాటదు. ఊరగాయ జాడీలు, గోడ గడియారాలు, పెళ్ళిళ్ళలో చదివించిన గాజు గ్లాసులు అన్నీ అలాగే ప్రయాణం చేశాయి. బాబాయి ముందుచూపుతో ఇంటి నుంచే సంచీ నిండా పీచు తెచ్చాడు. కార్డుని పసిపిల్లని పొత్తిళ్ళలో పెట్టినట్టు అందులో పొదిగి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని, గతుకు వచ్చినప్పుడల్లా ఒంటి చేత్తో సంచీ పైకెత్తి పట్టుకున్నాడు. అది తప్పని నాకూ తోచలేదు. మా ఊళ్ళో ఎవరికి తోస్తుంది?

మంచిరోజు చూసి షాపు నుంచి మనిషి వచ్చి బిగించి వెళ్ళాడు. పిన్ని దానికి పసుపూ కుంకుమా పెట్టి, బాగా చదువుకోమని నన్ను దీవించింది. తలుపు దగ్గరగా వేశాక బాబాయి కుర్చీలో కూర్చున్నాడు. ఎడమ చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుని, కుడి చేత్తో మీటలు నొక్కుతూ లారీని నెమ్మదిగా రోడ్డెక్కించాడు. కొంత దూరం వెళ్ళేసరికి బొమ్మ బిగుసుకుపోయింది. మళ్ళీ మొదలుపెడితే మళ్ళీ అదే. నేను ఆడినప్పుడు మాత్రం ఏమీ కాలేదు. మర్నాడూ అదే వరస. బాబాయి ఇంక లేచి వంటింట్లోకి వెళ్ళి పిన్నితో అంటుంటే నా చెవిన పడింది. "మెషీనుక్కూడా తెలిసిపోయిందే, వీడింక బండి నడపలేడని." పిన్ని ఏ బండి అని అడగలేదు. నాకు ఆ పెట్టెని తీసుకెళ్ళి కాలవలో పారెయ్యాలన్నంత కోపం వచ్చింది. మేమంతా ఇన్నాళ్ళూ నోరు నొక్కుకుని దాచింది అది ఇంత మొరటుగా చెప్పేస్తుందా?

ఆ రోజు కాలేజీ ఎగ్గొట్టి దాని ముందు కూర్చున్నాను. ఆలోచించగా ఒకటే తేడా కనపడింది. నేనైతే కాసేపట్లో ఏ గోడకో గుద్దేసి లేచిపోతాను. ఆయన అలా కాదు, నిజం లారీ నడిపినట్టే సిగ్నల్ దగ్గర ఆగుతూ, వెనకవాళ్ళకి దారిస్తూ, నిదానంగా పోతాడు. అంతసేపు ఆడేసరికి లోపల ఏదో వేడెక్కిపోతోంది. రేకు ఊడదీసి చూస్తే కార్డు మీది బుల్లి ఫ్యాను తిరగడం లేదు. దాని ఇరుసు చుట్టూ పీచు బిగిసిపోయి ఉంది. పిన్ని దగ్గర పిన్నీసు అడిగి తీసుకుని ఒక్కొక్క పోగే లాగాను, తల ప్రాణం తోకకొచ్చింది. ఫ్యానుకి అడ్డం రాకుండా మూలల్లో ఇరుక్కున్న పీచుని అలాగే వదిలేశాను. బాబాయిని పిలిచి చూపించాను. ఆయన ఆ పోగుల్ని వేళ్ళ మధ్య నలిపి చూసి, "మన పీచే" అన్నాడు. గల్ఫు నుంచి వచ్చాక ఆయన మనస్ఫూర్తిగా నవ్వడం నేను చూసింది అప్పుడే.

లారీ బయల్దేరింది. కొండలు దాటింది, తెర మీద వాన పడింది, ఆగలేదు. మధ్యలో కరెంటు పోయి యూపీఎస్ కుయ్యోమంది, అయినా ఆగలేదు. చూశావా అన్నట్టు బాబాయి నా వైపు ఓ చూపు విసిరాడు. పిన్ని కాఫీ పట్టుకొచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది. చదువెక్కడని అడుగుతుందేమోనని నేను గబుక్కున ఒళ్ళో పుస్తకం తెరిచి పెట్టుకున్నాను. బాబాయి సరుకు దింపాల్సిన ఊరు చేరి, లారీని జాగ్రత్తగా వెనక్కి తీసి, సరిగ్గా గోదాము తలుపు దగ్గర ఆపాడు. చెయ్యి ఇంకా మీటల మీదే ఉంది, తెర మీద నుంచి చూపు తిప్పలేదు. "ఇంక వీసా రాదే. వచ్చినా నేను వెళ్ళలేను" అన్నాడు.

"ఆయ్. కాఫీ చల్లారిపోద్ది, తాగండి" అంది పిన్ని. ఆ సాయంత్రం మంచం కింద సూట్‌కేసు బయటికి లాగి, చొక్కాలన్నీ తీసి బీరువాలో పెట్టి, పాత దుప్పట్లు అందులో కుక్కి అటకెక్కించేసింది. నా చదువు ఊసు ఆ రోజూ ఎత్తలేదు, ఆ తర్వాతా ఎత్తలేదు.

బాబాయి ఆ లారీని చాలాకాలం నడిపాడు. కళ్ళు మసకబారాక పెట్టె నాకిచ్చేసి, పాత స్నేహితుడి కొట్టు దగ్గర కూర్చుని చేతి తూకంతోనే కొబ్బరికాయలు ఏరిపెట్టేవాడు. పోయినేడాది కాలం చేశాడు. బండి అతను "ఇచ్చేస్తున్నట్టేనాండీ?" అని అడిగితే, పీచుతో సహా తీసుకెళ్ళమన్నాను. సాయంత్రం మా ఆయన అలవాటుగా బదిలీ సంగతి ఎత్తాడు. "రాదండీ. ఇంక ఎదురుచూసే ఓపిక నాకు లేదు" అన్నాను. ఆయన ఆశ్చర్యంగా చూశాడు గానీ, నాకు మాత్రం వారమంతటి బరువూ దిగినట్టయింది. వీసా కోసం కాచుకున్న ఆ కొన్ని నెలల్లోనే మా బాబాయి ముసలివాడైపోయాడు. రాదని పైకి అనేశాక ఇంకా ఎన్నో ఏళ్ళు బతికాడు.