సగం అధికారం, సగం మీసం

ఫిలింనగర్‌లో అసిస్టెంట్ డైరెక్టర్‌గా చేరిన ఆరో నెలలోనే ఒక నిండు మీసాన్ని నిలువునా ముంచాను. అది నా మీసం కాకపోవడమే అసలు గొడవ.

మా డైరెక్టర్‌గారు లొకేషన్లు చూడ్డానికి అరకు వెళ్తూ, "పూజారి వేషానికి యాదగిరిని అనుకుంటున్నా. సెమీ అఫీషియల్‌గా ఓ మాట చెప్పి ఉంచవయ్యా" అన్నారు.

సెమీ అంటే సగం, అఫీషియల్ అంటే అధికారం. అంటే డైరెక్టర్‌గారిలో సగం నేనే! అల్పుడికి ఐశ్వర్యం వస్తే అర్ధరాత్రి గొడుగు పట్టమంటాడట. నాకొచ్చింది సగమే కాబట్టి సాయంత్రానికే గొడుగడిగాను.

కబురందగానే షేక్‌పేట నుంచి యాదగిరన్న పరుగున వచ్చాడు. పదేళ్లుగా రౌడీల గుంపులో వెనక వరసలో నిలబడ్డ మనిషి. మాటలున్న వేషం ఇదే మొదటిది. ఇన్నేళ్లూ ఆయనకు అన్నం పెట్టింది ఆ కోరమీసమే.

"ఖాయమైనట్టేనా తమ్మీ?"

"సెమీ అఫీషియల్ అన్నా!"

"గదేంది?"

"అఫీషియల్‌కి ముందు వచ్చేది" అన్నాను గంభీరంగా. "పూజారికి మీసముండదు. తీసెయ్."

"ఇంకో సినిమాల నాలుగు రోజుల పనున్నది. గాడ ఈ మీసంతోనే షూటింగ్ నడుస్తున్నది. జర సార్‌ను అడుగు."

"సార్ లేనప్పుడు నేనే సార్!"

ఆ మాటన్న నోటిని ఇప్పటికీ క్షమించలేదు. మేకప్‌మన్‌ని పిలిచి కత్తి పెట్టించాను. కుడివైపు పోయింది. ఎడమవైపుకి కత్తి చేరేలోగా ఫోన్ మోగింది.

"ఏవయ్యా, పూజారి వేషం కథలోంచే తీసేశాం. యాదగిరిని పోలీసు వేషానికి పెడదాం. ఆ మీసం భలే ఉంటుంది."

"ఏ వైపుది సార్?"

అటునుంచి అరకు కొండలు అదిరిపోయాయి. "సెమీ అఫీషియల్ అంటే చెవిలో వెయ్యమనయ్యా! మూతి మీద కత్తి వెయ్యమని కాదు!"

యాదగిరన్న తిట్టలేదు. అదే నన్ను చంపేసింది. అద్దంలో చూసుకుంటూ, "తమ్మీ, గీ మిగిలిన సగం తీసెటందుకు ఎవర్ని అడగాలె?" అన్నాడు.

నాలుగు రోజులు తెల్లారకముందే ఆ రెండో సినిమా సెట్‌కి వెళ్లి, ఆయనకు పెట్టుడు మీసం నా చేత్తోనే అతికించాను. పోలీసు వేషం నాటికి సొంత మీసం మొలిచింది. వేషమూ దక్కింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆ కత్తి మీద ఒట్టేసి చెబుతున్నాను. నాటి నుంచీ అద్దంలో కనిపించేవాడు రాతపూర్వకంగా అనుమతి ఇవ్వందే నా మొహం మీద కూడా నేను రేజర్ పెట్టను. వాడింకా సంతకం పెట్టలేదు. అందుకే నాకింత గడ్డం.