పసుపు కలిపిన కుడితి

నా చిన్నప్పుడు నేను చేసిన వెధవ పనులకు లెక్కలేదు. వాటిలో చాలావాటిని ఇప్పటికీ ఇంట్లో చెప్పుకుని నవ్వుకుంటాం. ఇదొక్కటి మాత్రం నా పిల్లలకు కూడా చెప్పలేదు. ఇన్నేళ్ళకు చెప్తున్నానంటే, వయసు పైబడి సిగ్గు తగ్గిందనే అనుకోండి.

ఎనభైల మొదట్లో మేం నరసరావుపేటలో ఒక మూడంతస్తుల మేడలో అద్దెకుండేవాళ్ళం. అపార్ట్‌మెంటు అనే మాట అప్పటికి మా నోళ్ళకు అలవాటు కాలేదు, వాటాలు అనేవాళ్ళం. ఆరు వాటాలు, ఆరు వంటిళ్ళు, అందరికీ కలిపి ఒకటే మెట్లదారి, ఒకటే డాబా. ఎవరింట్లో మిరపకాయల పోపు వేసినా ఆరిళ్ళవాళ్ళూ తుమ్మాల్సిందే. మాది అన్నిటికన్నా పై వాటా. కింద వెనకవైపు వాటాలో టిఫిన్ల పిన్ని ఉండేది. మాకేమీ చుట్టం కాదు, పిలుపు మాత్రమే. భర్త పోయాక ఆ వంటింట్లోనే ఇడ్లీలు, అట్లు వేసి అమ్ముకుంటూ బతుకుతోంది. పొద్దున్నే కోర్టు పనుల మీద పల్లెల నుంచి వచ్చినవాళ్ళు, చుట్టుపక్కల ఉద్యోగస్తులు ఆమె గుమ్మం ముందు గుమికూడేవాళ్ళు. నేను బడికి పోతుంటే పిలిచి, పెనం మీద విరిగిన అట్టు ముక్క నా చేతిలో పెట్టేది.

ఆ ఏడాదే మా నాయనమ్మ గురజాల పక్క పల్లె నుంచి మా దగ్గర ఉండడానికి వచ్చింది. వస్తూ వస్తూ కుడితి కుండను కూడా వెంట తెచ్చింది. బియ్యం కడిగిన నీళ్ళు, వార్చిన గంజి, కూరగాయల తొక్కలు, కంచాల్లో మిగిలిన మెతుకులు, అన్నీ ఆ కుండలో పడాల్సిందే. తిండి అన్నది వీధిలో పారబోస్తే ఆమెకు ప్రాణం పోయినట్టుండేది. పల్లెలో అయితే గడప దాటితే గేదె ఉంటుంది. మేడమీద గేదెను ఎక్కడ కట్టేస్తాం? అందుకని పక్క వీధిలో రెండు గేదెలున్న పాలావిడతో మాట్లాడుకుని వచ్చింది. రోజూ సాయంత్రం మా కుడితి ఆమె తొట్టిలోకి పోవాలి. ఏ రోజుది ఆ రోజే పోవాలి, నిలవుంటే కంపు కొడుతుంది, అది నాయనమ్మ చట్టం. మోసుకుపోయేది ఎవరయ్యా అంటే, ఇంట్లో ఖాళీగా గంతులేసే నేను.

నాకు పదేళ్ళు. మూత బకెట్టు పట్టుకుని పోతుంటే పక్క వీధి అరుగు మీద మా క్లాసు పిల్లలు కూచునుండేవాళ్ళు. ఒకరోజు వాళ్ళలో ఒకతె ముక్కు మూసుకుని "కుడితి పిల్లొచ్చింది రోయ్" అంది. మిగతావాళ్ళు పడీ పడీ నవ్వారు. అంతే, నా మొహం మాడిపోయింది. మర్నాడు సాయంత్రం బకెట్టు తీసుకుని మెట్లు దిగే బదులు ఎక్కాను. డాబా మూలన వాన నీళ్ళు పోయే గొట్టం ఉంది. అందులో మొత్తం ఒంపేశాను. పక్క వీధికి పోయి రావడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు అక్కడే కూచుని, ఖాళీ బకెట్టు ఊపుకుంటూ కిందికి దిగాను. నా తెలివికి నేనే మురిసిపోయాను. మాకు పాలు వేరేవాళ్ళు పోసేవాళ్ళు కాబట్టి ఆ పాలావిడ మా గుమ్మం తొక్కేది కాదు. అడిగేవాళ్ళే లేరు.

ఎండాకాలం. వాన గొట్టం సంగతి ఎవరికి గుర్తుంటుంది? ఆ గొట్టం గోడ వెంట దిగి, పిన్ని వంటింటి వెనక పెరట్లో ఒక పెద్ద బండ కింద వంపు తిరిగి కాలవలో కలుస్తుంది. నేను రోజూ పోసిన మెతుకులు, సొరకాయ చెక్కు, అరటి తొక్కలు ఆ వంపులో ఇరుక్కుపోయాయి. పల్నాడు ఎండ సంగతి మీకు చెప్పక్కర్లేదు. పది రోజులు తిరిగేసరికి కింద వాటాల్లో ముక్కు పెట్టలేని కంపు మొదలైంది. ముందు ఎలుక చచ్చిందన్నారు. వెతికారు, దొరకలేదు. తర్వాత ఒకావిడ "రోజూ అన్నేసి శేర్ల పిండి పులియబెడితే కంపు కొట్టక ఏమయిద్ది?" అంది. ఆ మాట ఒక్క పూటలో ఆరు వాటాలూ తిరిగొచ్చింది.

పిన్ని పాపం ఏం చెయ్యలేదు కనక! పెరడు రోజుకు రెండుసార్లు కడిగింది, ఫినాయిలు పోసింది, బ్లీచింగు పౌడరు చల్లింది, సాంబ్రాణి పొగ వేసింది. కంపు తగ్గకపోగా ఫినాయిలు వాసనతో కలిసి ఇంకా వెగటుగా తయారైంది. గుమ్మం ముందు జనం పలచబడ్డారు. ఒకతను తిన్న ఇడ్లీని ఆమె ఎదురుగానే ఉమ్మేసి పోయాడు. అది నేను మెట్ల మీద నుంచి కళ్ళారా చూశాను. చూసి, ఆ సాయంత్రం మళ్ళీ డాబా ఎక్కాను. ఎందుకంటే ఏం చెప్పను? ఇప్పుడు కొత్తగా పాలావిడ దగ్గరికి పోతే "ఇన్నాళ్ళూ ఏమయ్యావే?" అని అడుగుతుంది. ఆ ఒక్క ప్రశ్నకు భయపడి రోజూ అదే పాపం చేశాను.

చివరికి ఒక బుధవారం మేడ ఓనరు దిగాడు. తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని, అందరూ వింటుండగానే, ఆదివారం పొద్దునకల్లా వాటా ఖాళీ చెయ్యాలని పిన్నికి చెప్పి పోయాడు. ఆమె గుమ్మం పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆ వాటా పోతే ఇల్లే కాదు, పొయ్యి కూడా పోయినట్టే. పిండి రుబ్బుకుని టిఫిన్లు అమ్ముకుంటానంటే ఇంకెవరిస్తారు వాటా? ఆ సంగతి నాకు కూడా అర్థమైంది. ఆ నాలుగు రోజులూ చెప్పేద్దామని అమ్మ వెనక తిరిగేదాన్ని, ఆమె "ఏందే?" అనగానే "ఏం లేదు" అని పారిపోయేదాన్ని. నిజం బయటపడితే మమ్మల్ని వెళ్ళగొడతారు, నాన్న నా వీపు చీరేస్తాడు, అదీ నా భయం.

శనివారం మధ్యాహ్నం నాయనమ్మ కిందికి పోయి పిన్ని పక్కన చాలాసేపు కూచుని వచ్చింది. వచ్చి మంచినీళ్ళు తాగి, గోడకు ఆనుకుని, ఎవరితోనూ కాదన్నట్టు అంది. "పిండి పులిస్తే ఆకలేసుద్ది. ఇది పిండి వాసన కాదు. యాభై ఏళ్ళు గేదెల్ని మేపినదాన్ని, నాకు తెలవదా కుడితి కంపు?" ఆమె నావైపు చూడలేదు. సాయంత్రం ఎప్పటిలాగే మూత పెట్టిన బకెట్టు నా చేతికిచ్చింది. నేను ఎప్పటిలాగే డాబా మీద, మూత తీసీ తియ్యకుండా, మొహం పక్కకు తిప్పుకుని ఒంపేశాను.

ఆదివారం పొద్దున్నే నాయనమ్మ నా జబ్బ పట్టుకుని మెట్లు దింపింది. పిన్ని అప్పటికే గిన్నెలు గోనెసంచుల్లో సర్దుతోంది. రుబ్బురోలు ఎలా తీసుకుపోవాలో తెలియక దాని పక్కన నిలబడి ఉంది. నాయనమ్మ నన్ను పెరట్లోకి నడిపించి బండ చూపించింది. బండ నెర్రెలోంచి పచ్చగా, చిక్కగా పసుపునీళ్ళు ఊరుతున్నాయి. "నిన్న కుడితిలో గుప్పెడు పసుపు కలిపా" అంది నాయనమ్మ మెల్లగా. "గేదె తాగితే దాని కడుపుకి మంచిదే. తాగలేదు." అంతే అంది. కొట్టలేదు, తిట్టలేదు.

అంతలో ఓనరు రానే వచ్చాడు, సామాను ఎత్తడానికి రిక్షా కూడా వెంటబెట్టుకుని. పై వాటాలవాళ్ళంతా మెట్ల మీద చేరారు. మా నాన్న కూడా దిగొచ్చాడు. నాయనమ్మ నా చెయ్యి వదిలేసి ముందుకు పోయింది. ఆ కంపు ఈమెది కాదనీ, మా ఇంటి కుడితి వాన గొట్టంలో పోసినందువల్ల వచ్చిందనీ చెప్పింది. ఓనరు ఒక్క క్షణం తెల్లబోయి "ఎవరు పోసింది?" అని అరిచాడు. నాయనమ్మ కాస్త ఆగింది. ఆ ఆగింది నా కోసమేనని నాకు బాగా తెలుసు. నేను ఆ బండ వైపే చూస్తూ ఉండిపోయాను. అప్పుడు ఆమె "నేనే" అంది.

ఇక చూడాలి ఆయన నోరు. పల్లెటూళ్ళో పాకల్లో ఉండాల్సినవాళ్ళను మేడ ఎక్కిస్తే ఇంతేనన్నాడు, బుద్ధుందా ముసలిదానా అన్నాడు. మా నాయనమ్మను అలా ఒక్కమాట అన్నవాణ్ణి నేనప్పటిదాకా చూడలేదు. నాన్న తల దించుకున్నాడు. అయితే మీరే ఖాళీ చెయ్యండి అన్నాడు ఓనరు. నాయనమ్మ చీర కుచ్చెళ్ళు ఎగదోపి, "పొద్దుగూకేలోపు కంపు పోకపోతే అట్నే పంపెయ్ బాబూ. ముందు ఆ రిక్షాని ఎనక్కి పంపు" అంది.

నాన్న గునపంతో బండ లేపాడు. లేపగానే వచ్చిన కంపుకు జనం మెట్లు ఎక్కి పారిపోయారు. నాయనమ్మ కూచుని గొట్టంలో చెయ్యి పెట్టింది. మోచేయి దాకా పోయి వంపు దగ్గర ఆగిపోయింది. పిన్ని ప్రయత్నించింది, ఆమె చెయ్యీ పట్టలేదు. పుల్లతో పొడిస్తే ముద్ద ఇంకా గట్టిగా దిగబడింది. నాయనమ్మ తెల్ల జుట్టు మీదికి పసుపునీళ్ళు చిమ్మాయి. ఓనరు తువ్వాలు అడ్డం పెట్టుకుని ఇంకా ఏదో గొణుగుతూనే ఉన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది, ఆయన మీద కాదు, నా మీద.

"నా చెయ్యి పట్టుద్ది" అన్నాను. ఎవరూ ఏమీ అనకముందే కూచుని చెయ్యి దూర్చాను. మెత్తగా, వెచ్చగా, పురుగులతో, ఛీ, ఇప్పుడు రాస్తుంటే కూడా వేళ్ళు ముడుచుకుపోతున్నాయి. గుప్పెడు లాగాను, ఇంకో గుప్పెడు లాగాను. మూడో గుప్పెడు లాగుతూ ఏడుపు ఆపుకోలేక గట్టిగా అరిచేశాను. "నాయనమ్మ కాదు, నేనే పోశా. రోజూ నేనే పోశా."

ఓనరు గొణుగుడు ఆగిపోయింది. శుభ్రం చేయించండి అని మాత్రం అని వెళ్ళిపోయాడు. నాన్న నా వీపు చీరలేదు. బకెట్లతో నీళ్ళు తెచ్చి గొట్టంలో పోస్తూ ఉండిపోయాడు. నాయనమ్మ మాత్రం చెవి దగ్గరికి వంగి, "సిగ్గయితే నాతో చెప్పొచ్చుగా పిల్లా, నేనే మోసుకుపొయ్యేదాన్ని" అంది. మర్నాడు సాయంత్రం నాతో పాటు తనూ బకెట్టు కమ్మికి ఒక చెయ్యి వేసి, ఆ అరుగు ముందు నుంచే నడిచింది.

ఆ ఆదివారమే గొట్టం శుభ్రమయ్యాక పిన్ని నన్ను పక్కకు కూచోబెట్టుకుని చింతపండుతో, శీకాయతో చేతులు తోమింది. నేను ఆమె మొహం చూడలేకపోయాను. తిడుతుందని ఎదురు చూశాను. తిడితే బాగుండేది. నా వేళ్ళ సందులు రుద్దుతూ, ఎంతో మామూలుగా అంది. "ఇన్నాళ్ళూ రోజూ మంచి పిండి పారబోశానే అమ్మడూ. మా అమ్మ నేర్పిన చెయ్యి ఇది. ఊరంతా అంటంటే నాకే అనుమానమొచ్చింది. వాసన చూసుకుని చూసుకుని, ఏది మంచిదో ఏది పాడయిందో నాకే తెలవకుండా పొయింది."

వాటా నిలబడింది, జనం మళ్ళీ వచ్చారు, అట్టు ముక్క కూడా మళ్ళీ నా చేతిలో పడింది. కానీ ఆమె అట్టు ఇచ్చే ముందు అంచు తుంచి వాసన చూసి ఇవ్వడం మొదలుపెట్టింది. మేం ఆ మేడ వదిలిపెట్టేదాకా అది మానలేదు.

ఇప్పుడు నేనుండేది అపార్ట్‌మెంటులో. మెట్ల దగ్గర కంపు కొడుతోందని ఎవరో ఒకరు ఏదో ఒక ఇంటి వైపు వేలు చూపిస్తూనే ఉంటారు. నేను ముందు పోయి నా చెత్తబుట్ట మూత తీసి చూసుకుంటాను. ఆ తర్వాత వేలు చూపించిన ఆ ఇంటికే పోయి తలుపు కొడతాను. అదెక్కడి కంపో తేలేదాకా నీ వంటిల్లు నువ్వు అనుమానించుకోవద్దమ్మా అని చెప్పి వస్తాను. ఈ ముసలావిడకు పనిలేదని వాళ్ళు అనుకుంటే అనుకోనీ. ఆ ముక్క పిన్నికి మొదటి రోజే చెప్పగలిగినదాన్ని నేనొక్కదాన్నే, నేను చెప్పలేదు.