వానాకాలంలో లేవని మెట్టు

పియానో మీద తప్పు మెట్టు నొక్కినవాళ్ళను నేను ఎన్నడూ క్షమించలేదు, వాళ్ళు ఎంత గొప్పవాళ్ళైనా సరే. నా దగ్గర కొన్ని క్యాసెట్లు ఉండేవి. వాటిలో రెండు, పియానోలో పేరుమోసిన ఒకే పెద్దాయన ఒకే రచనను రెండు వేర్వేరు చోట్ల వాయించినవి. మొదటిది స్టూడియోలో చేసింది. అందులో వెతికినా తప్పు దొరకదు. రెండోది నిండు సభలో వాయిస్తుండగా రికార్డు చేసింది. జనం దగ్గులు వినబడతాయి. ఎడమచేయి దూరం నుంచి దూకి రావలసిన చోట పక్క మెట్టు మీద పడుతుంది. స్వరాల పుస్తకం ముందు పెట్టుకొని వింటూ, తప్పు పడిన చోటల్లా పెన్సిల్‌తో గీత గీసి పక్కన తేదీ వేసేదాన్ని. స్టూడియోల్లో టేపును కోసి, బాగా వచ్చిన ముక్కలను అతికిస్తారని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. అప్పుడు సభలో వాయించిన క్యాసెట్ మీద కొంత గౌరవం కలిగింది. గీతలు మాత్రం చెరపలేదు.

ఒక శనివారం పాటల సాధన అయ్యాక ఈ సంగతి చర్చి పిల్లలకు చెప్పాను. వెనక బెంచీలో సంఘపెద్ద కూడా కూర్చొని విన్నాడు.

మా చర్చి నాగర్‌కర్నూల్ నుంచి తెలకపల్లి పోయే తోవలో ఉంది. అందులో మిషన్ దొరల కాలం నాటి పియానో. పెళ్ళయి ఈ ఊరికి వచ్చిన 1961 నుంచి ఆదివారం ఆరాధనకు నేనే వాయించాను. నేర్పింది మాత్రం తక్కువమందికే. వచ్చినవాళ్ళు నా నోటికి భయపడి రెండో నెలలో మానేసేవాళ్ళు. 2002లో తెలకపల్లి నుంచి వచ్చిన పిల్ల ఒక్కతే మానలేదు. తల్లిదండ్రులు కూలోళ్ళు, పంట కోతలు అయ్యాక పూణె పోయి కట్టడం పనులు చేసేవాళ్ళు. ఆ పిల్లకు నాకున్న రోగమే ఉంది. ఒక్క స్వరం తప్పితే పాట మొత్తం మళ్ళీ మొదటి నుంచి వాయించేది. ఆపమన్నా ఆపేది కాదు.

2006లో ఆమెను హైదరాబాద్‌లో పియానో పరీక్షకు కట్టించాను. అయిదో గ్రేడు. అది పాసైతే సంగీతం టీచరుగా తీసుకుంటామని, ఉండటానికి హాస్టల్లో గది కూడా ఇస్తామని కర్నూలులో ఒక ఇంగ్లీషు మీడియం స్కూలువాళ్ళు మాట ఇచ్చారు. అప్పటికి ఆమెకు ఇరవై నిండాయి. పాస్ కాకపోతే తల్లిదండ్రుల వెంట పూణె పోవడమే.

మా పియానోకు ఒక జబ్బు ఉండేది. వాన పడితే చెక్క ఉబ్బుతుంది. పియానో నడుమ సి అనే స్వరానికి పైనున్న జి మెట్టు నొక్కితే దిగుతుంది గాని లేవదు. దిగి ఉన్నంతసేపూ ఆ స్వరం మోగుతూనే ఉంటుంది. బొటనవేలు దాని అంచు కిందికి పోనిచ్చి పైకి ఎత్తాలి. పిల్ల పరీక్షకు నేర్చుకునే రచనలో ప్రతి వరుసలోనూ ఆ జి ఉంది. శృతిచేసే ఆయన హైదరాబాద్ నుంచి వస్తే పది నిమిషాల పని.

జూన్‌లో సంఘం మీటింగులో అడిగాను.

"ఒక్క మెట్టు కోసం పట్నం నుంచి మనిషిని పిలిపిస్తమా అక్కా?" అన్నాడు సంఘపెద్ద. "పాటయితే వస్తుంది గద."

"రాదు."

"మాకు వినబడ్తనే ఉంది మరి."

"మీకు వినబడేది పాట కాదు, చప్పుడు."

"అక్కకు దేవదూతలు పాడినా తప్పు దొరుకుతది," అన్నాడు. అందరూ నవ్వారు. ఆ సంవత్సరం కొత్త కీబోర్డు, పెద్ద స్పీకర్లు కొనాలని తీర్మానం అయింది. శృతి సంగతి వానలు పోయినంక చూద్దామన్నారు.

పరీక్ష సెప్టెంబర్‌లో. పిల్ల మూడు నెలలు ఆ పియానో ముందరనే కూర్చుంది. వేరే పియానో ఎక్కడుంది? నొక్కడం, ఎత్తడం, పక్క స్వరానికి పోవడం. ఎంత నేర్పుగా చేసేదంటే కళ్ళు మూసుకొని వింటే నాకే తెలిసేది కాదు. ఎత్తేదాకా స్వరం మోగుతూనే ఉంటుంది కాబట్టి సందు వినబడదు. పరీక్షకు ముందురోజు చెప్పాను: "అక్కడి మెట్టు దానంతటదే లేస్తది. ఎత్తకు."

"తెలుసు టీచరమ్మా," అంది.

మరునాడు పరీక్ష గది బయట బెంచీ మీద కూర్చొని విన్నాను. కొత్త పియానో, మంచి పియానో. మొదటి వరుసలోనే జి దగ్గర ఒక సందు. చిన్నది, కన్ను ఆర్పినంత. రెండో వరుసలో మళ్ళీ అక్కడే. ఏం జరుగుతోందో నాకు తెలిసిపోయింది. వేలు తీయగానే స్వరం ఆగుతోంది. బొటనవేలు మాత్రం అలవాటు కొద్దీ ఎత్తడానికి పోతోంది. ఆ పోయివచ్చే కాలమంతా నిశ్శబ్దం అవుతోంది. మూడో వరుసలో బొటనవేలు వెనక్కు రావడం ఆలస్యమై పక్క స్వరం కూడా పోయింది. తలుపు తెరుచుకొని లోపలికి పోదామా అనిపించింది. పోతే పరీక్ష రద్దవుతుందని కూర్చున్నాను.

బయటికి వచ్చి నా ముందర నిలబడింది.

"టీచరమ్మా, నేను లేపకముందే లేచింది," అంది.

పాస్‌కు రెండు మార్కులు తక్కువ. లయ మాటిమాటికి తెగుతోందని పరీక్ష చేసినాయన రాశాడు. ఆయన రాసింది తప్పు అనలేను. ఆయనకు వినబడింది అదే. మా పియానోను తీసుకుపోయి ఆయన ముందు పెట్టలేను గదా. కర్నూలువాళ్ళు సర్టిఫికెట్ లేకుండా కుదరదన్నారు.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక సంఘపెద్ద నా దగ్గరికి వచ్చాడు. ఓదార్చడానికే వచ్చాడని ఒప్పుకుంటాను.

"పరేషాన్ కాకు అక్కా. నువ్వే చెప్పినవ్ గద, పెద్ద పెద్ద పియానోవాళ్ళు గూడ తప్పులు వాయిస్తరని. ఈ పిల్లదెంత?"

"వాళ్ళు తప్పు వాయిస్తే జనం లేచి చప్పట్లు కొట్టిన్రు. ఈమె సరిగ్గ వాయిస్తే రెండు మార్కులు వేసేటోడు దొరకలే," అన్నాను.

"గట్ల గాదక్కా..." అని ఇంకేదో అన్నాడు. నేను చెప్పులేసుకొని వచ్చేశాను.

ఈ విషయం నేను చాలా రోజులు ఆలోచించాను. సభలో పెద్దాయన చేయి పక్క మెట్టు మీద పడితే అది ఆవేశం. దాన్ని మెచ్చుకుంటూ వ్యాసాలు రాస్తారు. ఆయన పేరు ముందు వచ్చింది, తప్పు వెనక వచ్చింది. మా పిల్లకు పేరు లేదు. అందుకని తప్పు ఒక్కటే ముందు వచ్చి కూర్చుంది. అది కూడా ఆమెది కాదు, వానది, చెక్కది, మీటింగులో నవ్విన మావాళ్ళది.

డిసెంబర్‌లో సంఘపెద్ద కూతురి పెళ్ళి. పెద్ద పాస్టరు అయ్యగార్లు వస్తున్నారని, పియానో బాగుండాలని, శృతిచేసే ఆయనను హైదరాబాద్ నుంచి కారులో పిలిపించారు. ఆయన జి మెట్టు బయటికి తీసి, పట్టకారుతో ఏదో నొక్కి, మళ్ళీ పెట్టాడు. పది నిమిషాలు కూడా పట్టలేదు. పెళ్ళికి వాయించమంటే మోకాళ్ళ నొప్పులని చెప్పాను. కొత్త కీబోర్డు వాయించే అబ్బాయి వాయించాడు. తప్పులు నిండుగా పడ్డాయి. అందరూ బాగుందన్నారు.

మరుసటి వారం కొత్త ఫారం తీసుకొని తెలకపల్లి పోయాను. పిల్ల పూణెకు పోవడానికి సామాను కడుతోంది. నన్ను చూసి నులకమంచం వాల్చింది.

"మెట్టు బాగయింది బిడ్డా. మళ్ళ కట్టు. మార్చిలో పరీక్ష."

ఆమె ఫారం పట్టుకొని చూసి, నా ఒళ్ళో పెట్టింది.

"వద్దు టీచరమ్మా. అప్పుడు నేను తప్పు వాయించలే. అది మీకెరుక, నాకెరుక. ఇప్పుడు కూసుంటే ఆ జి వస్తుందంటేనే భయపడ్త. భయపడి వాయిస్తే అది నిజంగనే తప్పయితది."

ఏళ్ళ తరబడి ఆమె చెప్పినదాంట్లో, వాయించినదాంట్లో తప్పు పట్టడమే నా పని. ఆ రోజు ఎంత వెతికినా ఆ మాటలో ఒక్కటీ దొరకలేదు. ఫారం మడిచి సంచిలో వేసుకొని, నాగర్‌కర్నూల్ బస్సు కోసం రోడ్డు మీదికి వచ్చాను.